తప్పంతా స్వీడన్‌దే

“మొన్న ఇక్కడ జుకినీ మొక్క ఉంది.”

“ఉంది.”

“ఇవాళ గుంత ఉంది.”

“ఉంది.”

“మొక్కేది థోర్కిల్?”

“నత్తలు తినేశాయి.”

“వేళ్ళతో సహానా?”

“ఆకలి మీద వచ్చాయి పాపం.”

“వేళ్ళు సరే, మట్టి కూడా తిన్నాయా? బకెట్టు పట్టేంత గుంత పడిందిక్కడ!”

కంచెకి ఇవతల నీళ్ళు పోస్తున్నవాణ్ణి నేను చెంబు ఆపేసి చెవులు రిక్కించాను.

“మన నత్తలు కావులే బొడిల్,” అన్నాడు థోర్కిల్ నింపాదిగా. “స్వీడన్‌వి.”

“ఇది మొదటి హెచ్చరిక. ఆగస్టు తనిఖీలో ఇంకో ఖాళీ గుంత కనిపించిందా, తోట నీది కాదు. బయట వరసలో ఎంతమంది ఎదురుచూస్తున్నారో నీకు తెలుసు.”

“తెలుసు అధ్యక్షురాలా. ఆ మాట నత్తలకి చెప్పు.”

థోర్కిల్ చేతిలో ఒక్క మొక్క కూడా తనంతట తను చావలేదు. చచ్చిన ప్రతి మొక్క వెనకా ఒక హంతకుడు ఉన్నాడు. ఆ హంతకుడు స్వీడన్ నుంచి వచ్చాడు. మా హెల్సింగోర్ ఒడ్డున నిలబడితే సముద్రపు పాయకి అవతల స్వీడన్ కనిపిస్తూనే ఉంటుంది. ఇళ్ళ కప్పుల రంగులు కూడా చెప్పొచ్చు. నేరం మోపడానికి అంత అందుబాటులో ఉన్న దేశాన్ని వదులుకోవడం ఆయనకి ఇష్టం లేదు.

బఠానీలు పావురాలు తింటే, “వాటి కూత విన్నావా? యాస తేడాగా లేదూ?” అనేవాడు. పొద్దుతిరుగుడు మొక్కలు గాలికి విరిగితే స్వీడన్ గాలి. “ఇవాళ గాలి పడమటి నుంచి వీచింది కదా, స్వీడన్ తూర్పున ఉంది” అంటే, “అటు వెళ్ళి, బుద్ధి చెడగొట్టుకుని తిరిగొచ్చింది” అనేవాడు. ఒకసారి చిక్కుడు పాదు మొత్తం మాయమైంది. జింక అన్నాడు.

“స్వీడన్ నుంచి జింక ఎలా వస్తుంది పెద్దాయనా?”

“ఈదుకుంటూ.”

“అన్ని ఓడలు తిరిగే చోట?”

“ఓడెక్కే వచ్చిందేమో. నేను టికెట్టు అడగలేదు.”

తమాషా ఏమిటంటే, ఆయన ఉద్యోగమంతా స్వీడన్ వెళ్ళే పడవ మీదే చేశాడు. తాళ్ళు విసరడం, తాళ్ళు విప్పడం. అక్కడి వాళ్ళ మీద పగేమీ లేదు. అక్కడి కాఫీ మా కాఫీ కన్నా బాగుంటుందని గట్టిగానే చెప్పేవాడు. అయినా ఊరివాళ్ళకి తలా ఓ చిన్న తోట అద్దెకిచ్చే మా తోటల కాలనీలో ఎవరి మొక్క చచ్చినా, తనది కాకపోయినా సరే, కంచె మీద మోచేతులు ఆనించి వచ్చి తీర్పు చెప్పేవాడు. స్వీడన్. ఇక అప్పీలు లేదు.

ఆయన తోట మాత్రం పళ్ళూడిన నోరులా ఉండేది. ఒక మొక్క, ఒక గుంత, రెండు మొక్కలు, ఒక గుంత. ఉన్న మొక్కలు కాలనీ మొత్తంలో ఎవరికీ లేనంత బలంగా ఉండేవి. అలాంటివాడి తోటలోనే స్వీడన్ వాళ్ళు ఇన్నిసార్లు ఎందుకు పడుతున్నారో ఎవరికీ అర్థమయ్యేది కాదు.

నేను ఆ వేసవి అక్కడ తేలడానికి కారణం మా అత్త ఇంగెర్లిసె తుంటి ఎముక. ఏప్రిల్లో జారిపడి విరగ్గొట్టుకుంది. తోట ఖాళీగా పెడితే తోటల సంఘం లాక్కుంటుంది. చుట్టాలందరిలో పనీపాటా లేనివాణ్ణి నేనే. కోపెన్‌హాగన్‌లో ఇంజనీరింగ్ సగంలో వదిలేశాను. తర్వాత బేకరీ పని వదిలేశాను, సైకిళ్ళ షాపూ వదిలేశాను. మొదలుపెట్టడంలో నాకు సాటి లేరు.

మే నెలలో ఎండ బాగా కాసింది. ఆకుపచ్చ జుకినీ విత్తనాల పొట్లం కొని, కిటికీలో మొలకెత్తించి, మొక్కల్ని తెచ్చి మడిలో పెట్టేశాను. థోర్కిల్ కంచె మీదకి వచ్చాడు.

“ఇనప రాత్రులు ఇంకా వెళ్ళలేదు కుర్రాడా.”

మే చివర్లో, జూన్ మొదట్లో ఉన్నట్టుండి మంచు కొట్టే రాత్రుల్ని మావాళ్ళు అలా అంటారు. ముసలివాళ్ళ మాటలని నేను పట్టించుకోలేదు.

“ఫోన్లో పద్నాలుగు డిగ్రీలని ఉంది.”

“అయితే ఆ ఫోన్‌ని ఇవాళ బయట పడుకోబెట్టు. పొద్దున్నే లేపి అడుగుదాం.”

పొద్దున్నకి నా జుకినీలు ఉడికిన ఆకుకూరలా నేలకి అంటుకుపోయాయి. నేను చేతి తొడుగులు తీసి విసిరికొట్టాను.

“పోతున్నా. నాకిది చేతకాదు.”

“నీ తప్పేముంది? అది స్వీడన్ చలి...”

“స్వీడనూ కాదు గాడిద గుడ్డూ కాదు! నువ్వు చెప్పావు, నేను వినలేదు. అంతే.”

ఆయన మొహం చిన్నబుచ్చుకున్నాడు, నేనేదో ఆయన దేవుణ్ణి తిట్టినట్టు. తర్వాత వంగి, ఒక నల్లబడ్డ కాడని వేలితో కదిపి చూశాడు.

“పైన పోయింది గానీ వేరు బతికే ఉంటుంది. ఓ వారం ఎక్కడికన్నా వెళ్ళి రా. వచ్చేసరికి కూడా ఇలాగే ఉంటే, అప్పుడు వదిలేసి పో. నేనే సంచి సర్ది పెడతాను.”

వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి ఒక మొక్క లేచి నిలబడి ఉంది. అరచెయ్యంత ఆకులు! నేను మొదలుపెట్టినదేదీ అంతవరకు నాకోసం ఆగి ఉండలేదు. ఆ మర్నాడు దానికి నీళ్ళు పోస్తుండగానే కంచె అవతల ఆ గుంత గొడవ విన్నాను. రెండింటికీ సంబంధం ఉండొచ్చని నాకు తట్టలేదు. చదువు సగంలో ఆగిపోతే ఇలాంటి ఇబ్బందులే.

జూలైలో కాయలు దిగాయి. పసుపురంగు కాయలు. పొట్లం మీద బొమ్మ ఆకుపచ్చ. నేను రెండు రోజులు ఆలోచించి, గుర్రాల శాల నుంచి మోసుకొచ్చిన ఎరువు వల్లేనని తేల్చాను. తేల్చినవాణ్ణి ఊరుకోకుండా బొడిల్‌ని పిలిచి మరీ చూపించాను.

“ఆకుపచ్చ విత్తనానికి పసుపు కాయ కాసిందా?”

“గుర్రపు ఎరువు మహిమ.”

“నువ్వు ఇంజనీరింగ్ చదివావు కదూ మాల్తె?”

“సగం.”

“తెలుస్తోంది.”

థోర్కిల్ మాత్రం చాలా గంభీరంగా విన్నాడు. “గుర్రం ఏ రంగుది?” అని అడిగాడు.

“గోధుమ రంగు.”

“మరి అదీ సంగతి,” అన్నాడు.

బొడిల్ గురించి చెప్పాలి. కంచె ఎత్తు కొలవడానికి కర్ర పట్టుకుని తిరుగుతుంది. ఎవరన్నా తోటలో ఎగరేసిన జెండా సాయంత్రం దించకపోతే తలుపు కొడుతుంది. మా అత్త కూడా ఆమెకి జడిసేది. కానీ అంతకుముందు చలికాలంలో ఆమె భర్త ఆర్నె పోయాడు. ప్రతి ఏడూ క్రిస్మస్ బల్ల మీదకి ఎర్ర క్యాబేజీ ఆయనే పండించేవాడు. ఆమె మడుల జోలికి వెళ్ళేది కాదు, ఆమెది కొలకర్ర. ఈసారి ఆమే నాటింది. రోజూ రెండు పూటలా నీళ్ళు పోసేది. వర్షం పడిన రోజు కూడా పోసేది. క్యాబేజీకి అన్ని నీళ్ళెందుకని ఎవరూ అనలేదు. జూలై చివరికి మొదళ్ళు కుళ్ళి ఒక్కొక్కటే పడిపోయాయి. ఒక సాయంత్రం నేను అటు వెళ్తుంటే ఆ మడి ముందు కొలకర్ర పట్టుకుని నిలబడి ఉంది. పలకరించబోయి, మానేశాను.

ఆదివారాల్లో అందరం కలిసి దారులు శుభ్రం చేసి, తర్వాత సంఘం గదిలో కాఫీ, కేకూ తీసుకుంటాం. తనిఖీకి ముందు ఆదివారం కూడా అంతే. థోర్కిల్ ఎప్పటిలాగే “మోకాలు పట్టేసింది, మీరు మొదలుపెట్టండి” అన్నాడు. నేను టోపీ మర్చిపోయి మధ్యలో వెనక్కి వచ్చాను.

థోర్కిల్ ఒంటిచక్రం బండి తోసుకుంటూ వెళ్తున్నాడు. బండిలో తడి గోనె మీద ఓ క్యాబేజీ, కింద బకెట్టంత మట్టిముద్దతో సహా, పెళ్ళికూతురిలా కూర్చుని ఉంది. ఆయన దానితో మాట్లాడుతున్నాడు.

“అక్కడ బుద్ధిగా ఉండు. నీళ్ళు ఎక్కువ పోస్తుంది, సర్దుకో.”

బండి బొడిల్ తోటలోకి తిరిగింది. అక్కడ అప్పటికే మూడు నాటి ఉన్నాయి.

నా తలలో బల్బు వెలిగింది, ఆలస్యంగానే అయినా.

“నా పసుపు జుకినీ నీదా?”

ఆయన ఉలిక్కిపడ్డాడు. “నాది కాదు. స్వీ...”

“స్వీడన్ అన్నావంటే ఈ క్యాబేజీ నీ నెత్తిన పెడతాను!”

ఆయన బండి దించాడు. మోకాలు నిజంగానే పట్టేసినట్టుంది, కూర్చోడానికి చాలాసేపు పట్టింది. నాకు ఒళ్ళు మండిపోతోంది.

“అంటే ఈ వేసవంతా నేను పెంచింది ఏమీ లేదన్నమాట! ఊరంతా తిరిగి గుర్రపు పేడ గురించి ఉపన్యాసాలిచ్చాను!”

“ఉపన్యాసం బాగుంది. నేనూ కాస్త ఎరువు తెప్పిద్దామనుకున్నాను.”

“పెద్దాయనా!”

“నాటడం ఎంతసేపు కుర్రాడా? గుంత తవ్వడం, పెట్టడం. తర్వాత రోజూ నీళ్ళు పోసింది ఎవరు? నేనా? మొక్క చచ్చిన రోజున మనిషి తోటకి రాడు. ఓ రోజు మానేస్తే రెండో రోజు రావడానికి సిగ్గేస్తుంది. ఆ తర్వాత ఇక రాడు. చాలామందిని చూశాను.”

నేను అడిగాను, “మరి మధ్యలో స్వీడన్ ఏం చేసింది?”

“తప్పు ఎవరో ఒకరి మీద పెట్టాలి కదా. ఇక్కడివాళ్ళ మీద పెడితే బాధపడతారు. అవతలి ఒడ్డువాళ్ళకి వినపడదు.”

“ఎర్ర క్యాబేజీ దొరకలేదా? ఆమె నాటింది ఎర్రది. నువ్వు పెట్టేది తెల్లది.”

“నా దగ్గర ఉన్నది ఇదే. రంగు ఎవరు చూస్తారు?”

“బొడిల్! బొడిల్ చూస్తుంది! కంచె వేలెడంత పెరిగితే చూసే మనిషి! ఎల్లుండి తనిఖీకి వచ్చి నీ మడిలో నాలుగు గుంతలు చూస్తుంది. తోట పోతుంది నీది. తెలుసా?”

“తెలుసు,” అన్నాడు. ఆ మాట అన్నప్పుడు తన తోట వైపు చూశాడు. ఆపిల్ చెట్టు, ఆకుపచ్చ రంగేసిన గది, జెండా కర్ర. పడవ ఉద్యోగం వదిలిన నాటి నుంచి ఆయనకి ఉన్న ఊరంతా అదే. “ఎవరికీ చెప్పకు. నువ్వు చెప్పావంటే ఆమె వాటిని పీకేస్తుంది. ఆమె సంగతి నీకు తెలీదు.”

మంగళవారం పొద్దున్న బొడిల్ కొలకర్రతో బయల్దేరింది. వెనక సంఘం సభ్యులిద్దరు. నా తోట చూసి తల ఊపింది. థోర్కిల్ తోటకి వెళ్ళారు. నేను కంచె దగ్గర నిలబడ్డాను. నోరు విప్పకూడదని పళ్ళు బిగించుకున్నాను. అది నాకు అలవాటు లేని పని.

నాలుగు గుంతల ముందు ఆమె ఆగింది. వంగింది. గుంత అంచు మీద వేలు పెట్టి రాసింది. పారతో కోసిన అంచు, కేకు ముక్క కోసినట్టు నున్నగా ఉంది.

“ఎవరు థోర్కిల్?”

“జింక.”

“ఎక్కడిది?”

థోర్కిల్ నా వైపు చూశాడు, చెప్పులు చూసుకున్నాడు. “అక్కడిదే,” అన్నాడు, తూర్పు వైపు గడ్డం ఎత్తి.

సభ్యుల్లో ఒకాయన గొంతు సవరించుకున్నాడు. “రెండో హెచ్చరిక కదా బొడిల్, రూలు ప్రకారం...”

“రూలు నాకు చెప్పకు, రాసింది నేను,” అంది బొడిల్. లేచి చేతుల మట్టి దులుపుకుంది. “సభ్యుడి నిర్లక్ష్యం వల్ల ఖాళీ అయితేనే హెచ్చరిక. విదేశీ జంతువులు వచ్చి చేసిన నష్టానికి సభ్యుడు బాధ్యుడు కాడు.”

“విదేశీ జంతువులా?”

“నువ్వు సముద్రం వైపు ఎప్పుడూ చూడవా ఏంటి?” అని కర్ర ఊపుకుంటూ బయటికి నడిచింది. నా కంచె దగ్గర ఒక్క క్షణం ఆగింది. కళ్ళ చుట్టూ ఎర్రగా ఉంది గానీ గొంతు ఎప్పటి గొంతే.

“మాల్తె, మా ఎర్ర క్యాబేజీలు ఈ ఏడు తెల్లగా వచ్చాయి. నీ గుర్రపు ఎరువు గాలికి మా వైపు కొట్టుకొచ్చినట్టుంది.”

“అయ్యుండొచ్చు.”

“ఆర్నె బతికుంటే నవ్వి చచ్చేవాడు,” అని, “నీళ్ళు ఒక పూట పోస్తే చాలంటావా?” అని అడిగింది.

“ఒక పూట చాలు,” అన్నాను. థోర్కిల్ చెప్పిందే.

వాళ్ళు మలుపు తిరిగేదాకా థోర్కిల్ ఆపిల్ చెట్టు కింద కదలకుండా నిలబడ్డాడు. తర్వాత నన్ను చేత్తో పిలిచాడు. గది వెనక బండి సిద్ధంగా ఉంది. తడి గోనె మీద ఓ టమాటా మొక్క, కాయలతో సహా.

“చివరి తోటలో కొత్తగా వచ్చిన జంట ఉన్నారు చూడు, వాళ్ళ టమాటాలన్నీ తెగులొచ్చి పోయాయి. మధ్యాహ్నం వాళ్ళు ఊళ్ళోకి వెళ్తారు. నా మోకాలు ఇక ఒప్పుకోవడం లేదు. ఈ బండి నువ్వు తొయ్యాలి.”

“సరే. ఎవరన్నా చూసి అడిగితే స్వీడన్ అంటాను.”

“వద్దు,” అన్నాడు కంగారుగా. సముద్రం వైపు చూశాడు, అటునుంచి ఎవరన్నా వింటున్నారేమోనన్నట్టు. “పాపం వాళ్ళ మీద మరీ ఎక్కువైపోయింది. కొన్నాళ్ళు నార్వే అను.”