ఒక్క తెలుగు ఆటా ఇలా పోయింది

బెంగాల్‌లోని మా ఖరగ్‌పూర్‌లో తెలుగు సినిమా రావడమే అరుదు. ఈ రోజు ఒక్క ఆట వేస్తామనీ, జనం బాగా వస్తే ఇకమీదట కూడా తెస్తామనీ హాలు మేనేజరు చెప్పాడు. హత్య కథ, బాగుంటుందట అంటూ రైల్వేవాళ్ల ట్రాఫిక్ కాలనీలో ఇల్లిల్లూ తిరిగి నలభై ఒక్క మందిని నేనే బయల్దేరదీశాను.

హీరోది రిటైరు కాబోయే ఇనస్పెక్టరు పాత్ర. దానికి నూనూగు మీసాల కుర్రవాణ్ణి తెచ్చి జుట్టుకు తెల్లరంగు పూశారు. శవాన్ని చూసినా, మనవరాలిని ఎత్తుకున్నా అతనిది ఒకటే నవ్వు. ఇంటర్వెల్ తరువాత మావాళ్లు పంతొమ్మిది మందే మిగిలారు.

బయటికి వస్తుంటే పక్క క్వార్టరులో ఉండే రిటైర్డ్ రైలు గార్డు అప్పలరాజు ఆపాడు.

"ఏటి టీచరమ్మా ఇది? సంపినోడెవుడో ఇంటర్వెల్‌కే తెలిసిపోనాది. ఈడు ఇనస్పెక్టరని మాత్రం ఆకరిదాకా నమ్మనేకపోనాను."

"ఇంకో తెలుగు సినిమాకి పిలిస్తే వస్తావా?"

"ముందు మీరు సూసొచ్చి, అప్పుడు పిలండి."

ఒక్క ఆటే వేసే ఊళ్లో ముందుగా చూసి రావడం ఎలా? గేటు దగ్గర మేనేజరు, "ఇంక తెలుగు కుదరదు దీదీ" అన్నాడు.

ఆంధ్రాలో ఈ సినిమా ముందే చూసినవాళ్లు నాకొక్క ముక్క రాయకూడదా?