మాస్టర్ క్లాక్‌కు పెట్టిన బొట్టు

చౌటుప్పల్ దగ్గర ఒక మందుల కంపెనీలో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం నాది. నేను మాత్రం కంపెనీ కాలమంతా నా చేతిలోనే ఉందనుకునేవాణ్ణి. అందుకు కారణం సర్వర్ గదిలోని మాస్టర్ క్లాక్. అది డాబా మీది యాంటెన్నాతో ఉపగ్రహం నుంచి సరైన సమయం అందుకుని గోడ గడియారాలకూ, కంప్యూటర్లకూ, హాజరు వేసే వేలిముద్ర మిషనుకూ పంచుతుంది. అంతకుముందు ప్యాకింగ్‌లో పదైతే ల్యాబ్‌లో పదీ మూడయ్యేది. ఇది వచ్చాక అన్నీ ఒక్క మాట మీద నడిచాయి. పెట్టించింది నేనేనని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పుకునేవాణ్ణి.

మాది నేత కుటుంబం. దసరా రోజు మగ్గానికి బొట్టు పెట్టనిదే బాపు అన్నం ముట్టేవాడు కాదు. ఆ అలవాటు కొద్దీ నేనూ ఆ దసరాకు మాస్టర్ క్లాక్‌ను తుడిచి, బంతిపూలు పెట్టి, గంధం మందంగా పట్టించి, దాని మీద కుంకుమ దిద్దాను. భక్తిలో నేనేం తక్కువ తినలేదు.

చలికాలంలో ఒకరోజు క్యాంటీన్‌లో చాయ్ చేసే అక్క నా దగ్గరికి వచ్చింది. మేమందరం కంపెనీ బస్సులో ఇరవై నిమిషాల ముందే దిగుతాం. ఆమె ఒక్కతే నార్కట్‌పల్లి నుంచి మామూలు బస్సులో వస్తుంది. ఫోన్లు లోపలికి రానివ్వరు కాబట్టి గేటు దగ్గరే ఇచ్చేయాలి.

"సారూ, ఫోన్ ఇచ్చేటప్పుడు ఏడూ యాభై ఎనిమిది సూసిన. సక్కగ వచ్చి వేలు పెడ్తే మిషిన్ల ఎనిమిదీ మూడు పడ్డది. రోజూ గిట్లనే. ఇంకొక్క లేటు పడ్తే పనిలకు రావద్దన్నడు కంట్రాక్టరు."

గేటు దాకా వెళ్లి ఏదో ఒక ఫోన్ చూస్తే సరిపోయేది. కాలం నడిపేవాడు గేటు దాకా నడుస్తాడా?

"నీ ఫోనే తప్పు ఉంటదక్కా. గిది ఆకాశం నుంచి వచ్చే టైం," అన్నాను.

"ఆకాశం సంగతి నాకెర్క లేదు సారూ. నా పని పోతది."

ఆమెను వెంటబెట్టుకుని గోడ గడియారం చూపించాను, తర్వాత కంప్యూటర్, తర్వాత ల్యాబ్ గడియారం. అన్నీ ఒకటే చెప్పాయి. "సూసినవా?" అన్నాను గర్వంగా. అన్నిటికీ పాఠం చెప్పింది ఒక్కటేనన్న సంగతి నాకప్పుడు తట్టలేదు. కంట్రాక్టరు రిజిస్టరులో 'మిషనులో లోపం లేదు' అని రాసి సంతకం కూడా పెట్టాను.

మర్నాటి నుంచి ఆమె గంట ముందు బస్సుకు వచ్చి, గేటు తెరిచేదాకా తలకు శాలువా చుట్టుకుని బయట కూర్చునేది. బస్సు కిటికీలోంచి చూసి, నా వల్ల ఒక మనిషి దారిలో పడిందని సంతోషపడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది.

ఎండలు ముదిరాక మాస్టర్ క్లాక్‌ను పరీక్షించే మెకానిక్ వచ్చాడు. ఎండిపోయిన బొట్టును తడిగుడ్డతో తుడిచాడు. దాని కింద ఆవగింజంత ఎర్ర లైటు ఆరుతూ వెలుగుతోంది.

"సార్, ఉపగ్రహం అందుతలేదని గీ లైటు ఎప్పటిసంది మొత్తుకుంటాందో?"

డాబా ఎక్కి చూస్తే యాంటెన్నా వైరును కోతులు ఎప్పుడో కొరికేశాయి. పాపం మాస్టర్ క్లాక్ నెలల తరబడి తనకు తోచిన లెక్కే పెట్టుకుంటూ నాలుగు నిమిషాలు ముందుకు పోయింది. కంపెనీ మొత్తాన్ని వెంట తీసుకుపోయింది. నేను చూడాల్సింది ఆ ఒక్క లైటు. సరిగ్గా దాని మీదే బొట్టు పెట్టాను. ఇన్నాళ్లూ ఇంకెవరూ ఎందుకు అడగలేదంటే, సాయంత్రం నాలుగు నిమిషాల ముందే ఇంటికి వదిలితే ఎవరడుగుతారు? నేనూ అడగలేదు.

గడియారాలు సరిచేయించి క్యాంటీన్‌కు వెళ్లి చెప్పాను. ఆమె చాయ్ వడపోస్తూ ఆగింది.

"అంటే, నేను లేటు రాలే."

"ఒక్కరోజు గూడ రాలేదక్కా. తప్పు నాది."

"గా ముక్క గూడ రాసియ్యుండ్రి సారూ. మొన్న రాసినట్టే."

సాయంత్రం గేటు దగ్గర కంట్రాక్టరు రిజిస్టరు తెరిచి, తప్పు మిషనుదీ నాదీ అని రాశాను. సంతకం కింద తేదీ వేసి, సమయం కోసం అలవాటుగా లోపల ఆఫీసులో కనిపించే గోడ గడియారం వైపు తల తిప్పాను.

ఆమె అప్పుడే గార్డు దగ్గర తీసుకున్న ఫోన్‌ను రిజిస్టరు మీద పెట్టింది.

"గిది సూసి రాయుండ్రి సారూ."

చూసి రాశాను.