సీతాదేవి వ్యాను కాపురం

నలభై మూడేళ్లు వచ్చేసరికి సీతాదేవి పదకొండు అద్దె ఇళ్లు మారింది. రేపల్లెలో కొత్త కాపురం పెట్టిన వాటాలో యజమానురాలు సాయంత్రం ఆరింటికల్లా కుళాయి కట్టేసేది. విజయవాడలో ఇంటాయనకి ఇంగువ వాసన పడేది కాదు. హైదరాబాదులో ఇంటావిడ గోడకి మేకు కొట్టనివ్వలేదు. అందుకని సీతాదేవి అత్తగారి ఫొటో ఆరేళ్లపాటు బీరువా మీద గోడకి జారబడి కూర్చుంది.

"బతికున్నప్పుడూ అలాగే జారబడి కూర్చునేది, నాకేం తేడా తెలీలేదు" అనేది సీతాదేవి.

పన్నెండో ఇల్లు సింగపూర్‌లో, హౌగాంగ్‌లో, తొమ్మిదో అంతస్తులో మూడు గదుల ఫ్లాటు. అక్కడికి వాళ్లని తీసుకొచ్చింది ఆవిడ భర్త సాంబమూర్తి గారి కోబాల్. అదొక పాతకాలపు కంప్యూటర్ భాష. హైదరాబాద్ ఆఫీసులో కుర్రాళ్లు ఆయన్ని గోడగడియారాన్ని చూసినట్టు చూసేవాళ్లు. అంతలో, రెండువేల సంవత్సరం రాగానే ప్రపంచంలోని పాత కంప్యూటర్లన్నీ తేదీ తెలీక పిచ్చెక్కిపోతాయని ఒక భయం పుట్టింది. ఆ భయం సాంబమూర్తి గారికి దేవుడిలా దొరికింది. సింగపూర్‌లో ఒక బ్యాంకు విమానం టిక్కెట్లు పంపించి మరీ పిలిపించుకుంది.

కొత్త ఇంటి యజమాని మిస్టర్ టే. ఆయన పదిహేడు నియమాలు టైపు చేయించి ఫ్రిజ్ తలుపుకి అంటించాడు. మూడోది మేకుల గురించి. ఏడోది తాలింపు పొగ గురించి. పదకొండోది పిల్లుల గురించి. ఈ ఒక్కటీ ఆయన సొంత బుద్ధి కాదు, ఆ రోజుల్లో సర్కారు ఫ్లాట్లన్నిటికీ ఉన్నదే. చిన్న కుక్కని పెంచుకోవచ్చు. పిల్లిని మాత్రం పెంచకూడదు.

పిల్లి లిఫ్టులో వచ్చింది. కింద ఎక్కి, తొమ్మిదో అంతస్తులో సీతాదేవితో పాటు దిగి, ఆవిడకంటే ముందు గుమ్మం దాటి, ఇల్లంతా తిరిగి చూసి, సాంబమూర్తి గారి కుర్చీలో పడుకుంది. ఊళ్లోని చాలా పిల్లులకి మల్లే దాని తోక కూడా చివర వంకర తిరిగి ఉంది.

"ఒక్క పనీ చెయ్యడు, ఊరికే తిరిగి అందరి పనీ చూస్తాడు, వేళకి తింటాడు. వీడు మేనేజరే" అంది సీతాదేవి.

సాంబమూర్తి గారికి ఆ పేరు మింగుడుపడలేదు. ఆఫీసులో మేనేజర్ ఎదుట నిలబడి చేతులు కట్టుకుని, ఇంటికొచ్చి మేనేజర్ చెవుల వెనక గోకాలంటే మనసు ఎలాగో అయిపోయేది. కానీ గోకేవారు.

మేనేజర్‌కి చేపలు పైఅంతస్తు నుంచి వచ్చేవి. పైన ఉండేది రహమత్ బీ. వరంగల్ పుట్టిల్లు, హైదరాబాద్ అత్తిల్లు. ఆవిడ భర్త అబ్దుల్ రహీం జురాంగ్ ఐలాండ్‌లో ఒక కర్మాగారంలో గొట్టాలు బిగించే ఫోర్‌మన్. సీతాదేవి వంటింట్లోకి నీచు రాదని తెలిసి, రహమత్ బీ నెత్తళ్లు ఉడకబెట్టి గిన్నెలో దింపిపోయేది.

సీతాదేవి ఊరికే కూర్చునే మనిషి కాదు. ఆ రోజుల్లో ఆంధ్రా నుంచి వారానికొక విమానం నిండా కంప్యూటర్ కుర్రాళ్లు దిగేవాళ్లు. వాళ్లకి కొత్త భాష జావా వచ్చుగానీ పప్పు పెట్టడం రాదు. ముప్పై మందికి మధ్యాహ్నం క్యారియర్లు పంపడం మొదలుపెట్టింది. మోయడానికి బండి కావాలని డ్రైవింగ్ నేర్చుకుని, మూడుసార్లు తప్పి, నాలుగోసారి పాసయింది. రొట్టెల కంపెనీ వాళ్ల పాత వ్యాను ఒకటి కొన్నది. సింగపూర్‌లో బండికి పదేళ్ల ఆయుష్షు కాగితం మీద రాసి ఉంటుంది. గడువు తీరితే ఎంత బాగా నడుస్తున్నా తుక్కు కిందే లెక్క. ఈ వ్యానుకి రెండేళ్లే మిగిలాయి, కాబట్టే చవగ్గా వచ్చింది.

ఒకరోజు పళ్ల డాక్టరు దగ్గర కూర్చుని ఆస్ట్రేలియా పత్రికలో మోటార్ హోమ్ బొమ్మ చూసింది. లోపలే మంచం, లోపలే పొయ్యి, కిటికీకి పూల కర్టెను. డాక్టరు పిలిచినా లేవలేదు. ఇంటికొచ్చి రహీంని అడిగింది.

"భాయ్, మన రొట్టెల బండిని ఇట్లా చెయ్యొచ్చా?"

"ఎందుకు గాదు? నేను సముద్రం మీద గొట్టాలు బిగిస్త. గిదెంత?" అన్నాడు రహీం.

మూడు ఆదివారాల్లో మడత మంచాలు, చిన్న గ్యాస్ పొయ్యి, నీళ్ల డ్రమ్ము, దానికో కుళాయి అమర్చాడు. అన్నీ ఊడదీయడానికి వీలుగా బిగించాడు. కర్టెన్లకి సీతాదేవి తన పెళ్లినాటి పట్టుచీర కత్తిరించింది. సాంబమూర్తి గారు ఆ వేళ భోజనం చెయ్యలేదు.

జనవరి ఒకటి వచ్చింది. ఏ కంప్యూటరుకీ పిచ్చెక్కలేదు. విమానాలు ఎగిరాయి, బ్యాంకు తలుపులు తెరుచుకున్నాయి. కూలిపోయింది సాంబమూర్తి గారి ఉద్యోగం ఒక్కటే. చక్కగా పని చేశారని ఒక గాజు పలక ఇచ్చి, కాంట్రాక్టు అయిపోయిందన్నారు. ముప్పై రోజుల్లో ఇంకో ఉద్యోగం చూసుకోవాలి, లేకపోతే దేశం వదలాలి.

ఆ వారంలోనే మిస్టర్ టే వచ్చాడు. పక్క ఫ్లాటు ముసలాయన ఒకరోజు తలుపు తట్టి గట్టిగా మాట్లాడుతుంటే, "మెల్లగా, లోపల మేనేజర్ పడుకున్నాడు" అని సీతాదేవి ఇంగ్లీషులో చెప్పింది. ఆ మాట ముసలాయన ద్వారా టే చెవిన పడింది. తనకి చెప్పకుండా ఎవరో మేనేజర్‌కి గది అద్దెకిచ్చారని ఆయన మండిపడుతూ వచ్చాడు.

"వేర్ ఈజ్ ద మేనేజర్?" అంటూ గదులన్నీ వెతికాడు. మంచం కింద చూశాడు. స్నానాలగది తలుపు తట్టాడు. చివరికి బట్టల బీరువా తెరిచాడు. మడత చీరల మీంచి మేనేజర్ లేచి, ఒళ్లు విరుచుకుని, ఆయన భుజం మీద కాలు మోపి కిందికి దిగాడు.

"దట్ ఈజ్ మేనేజర్ లా" అంది పదిహేనేళ్ల కూతురు ఆమని, అక్కడి వాళ్లలాగే మాట చివర 'లా' తగిలించి.

టే నియమాల కాగితం మీద పదకొండో వరుసలో వేలు పెట్టాడు. రేపటికల్లా పిల్లి పోవాలి, లేదంటే మీరు పోవాలి అన్నాడు. సాంబమూర్తి గారు "సారీ సర్, సారీ సర్" అంటూనే ఉన్నారు. ఈలోపు సీతాదేవి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది.

"మేమే పోతాం" అంది.

టే వెళ్లాక సాంబమూర్తి గారు భార్యకేసి తిరిగారు. "సీతా, నీకేమైనా మతి పోయిందా? ఉద్యోగం లేదు. ఇల్లు కూడా లేకపోతే ఎలా? వీధిపిల్లి కోసం..."

"ఏవండీ, కుళాయి కట్టేస్తే ఊరుకున్నాను. ఇంగువ మానేయమంటే మానేశాను. మీ అమ్మ ఫొటోకి మేకు లేకపోతే సరేనన్నాను. పన్నెండిళ్లలో పన్నెండు మంది ఏది వద్దంటే అది వదిలేశాను. ఇప్పుడు నాకు నలభై మూడేళ్లు. ఇక ఒక్కటీ వదలను. పిల్లిని అసలు వదలను."

"మరి ఎక్కడుంటాం?"

ఆవిడ కిటికీలోంచి కింద నిలబెట్టిన వ్యానుకేసి చూసింది. సాంబమూర్తి గారు కూర్చోబోయారు. కుర్చీలో మేనేజర్ ఉన్నాడు.

సామానంతా రహమత్ బీ ఇంటికెక్కించారు. "పరేషాన్ గాకు సీతమ్మా, ఆమని బడి దినాలల్ల నా కాడుంటది. పిల్లిని గూడ ఉంచుకుందునే గని, మా ఆయన తుమ్మి తుమ్మి సస్తడు" అంది రహమత్ బీ. ఆమని తన కష్టం తనది అన్నట్టు నిలబడి, "స్కూల్ ఫామ్‌లో అడ్రస్ ఏం రాయాలి? వ్యాన్ నంబరా? సో పైసే లా!" అంది. పైసే అంటే అక్కడి పిల్లల మాటలో సిగ్గుచేటు.

చాంగి బీచ్ దగ్గర గుడారం వేసుకోవడానికి అనుమతి ఇస్తారని తెలిసి సీతాదేవి అది తీసుకుంది. అనుమతి గుడారానికే గానీ వ్యానుకి కాదు. కాబట్టి నియమం తప్పకుండా గుడారం వేసి, అందులో మేనేజర్‌ని ఉంచి, తాము పక్కనే వ్యానులో సర్దుకున్నారు. పొద్దున్నే వచ్చిన పార్కు ఉద్యోగి గుడారం జిప్పు తీసి చూసి, లోపలున్నవాడితో కాసేపు చూపులు కలిపి, మళ్లీ జిప్పు వేసి వెళ్లిపోయాడు.

సాంబమూర్తి గారు వ్యాను పక్కద్దంలో చూసుకుని గడ్డం గీసుకునేవారు. దేవుళ్లని పొయ్యికి పైనున్న చెక్కమీద పెట్టారు. రెండు మూడు రోజులకోసారి గుడారం వేసే చోటు మార్చాల్సి వచ్చేది. వ్యాను మలుపు తిరిగిందంటే వెంకటేశ్వరస్వామితో సహా అందరూ బియ్యం డబ్బాలో పడేవారు. వాళ్లని ఏరి, దులిపి, మళ్లీ నిలబెట్టడమే ఆయనకి నిత్యపూజ అయింది. మేనేజర్‌కి మాత్రం బీచ్ నచ్చింది. అంత పెద్ద ఇసుక పెట్టె ఏ పిల్లికీ దక్కి ఉండదు.

చేపల దగ్గరే గొడవొచ్చింది. పైఅంతస్తులో రహమత్ బీ లేదు కాబట్టి నెత్తళ్లు సీతాదేవే ఉడకబెట్టాల్సి వచ్చింది. ముక్కుకి కొంగు కట్టుకుని మొదలుపెట్టింది.

"దేవుళ్ల కిందనా!" అన్నారు సాంబమూర్తి గారు.

"మత్స్యావతారం అనుకోండి."

క్యారియర్లు ఆగిపోయాయి. ఆ చిన్న పొయ్యి మీద ముప్పై మందికి వండడం కాని పని. పెరుమాళ్ గుళ్లో తెలుగువాళ్లంతా సాంబమూర్తి గారు బీచ్‌పాలయ్యారని చెప్పుకున్నారు. రెండో ఆదివారం మధ్యాహ్నం కృష్ణప్రసాద్ అనే కుర్రాడు వెతుక్కుంటూ వచ్చాడు. క్యారియర్ కుర్రాళ్లలో కాస్త పెద్దవాడు. చేతిలో పళ్లు, మొహంలో పరామర్శకి వచ్చిన వాడి దిగులు.

"ఆంటీ, విన్నాను. చాలా బాధేసింది. ఏ సాయం కావాలన్నా..." అని మొదలుపెట్టి, పెనం మీద కాలుతున్న దిబ్బరొట్టె చూసి ఆగిపోయాడు.

"కూర్చో నాయనా. బాధ తర్వాత పడుదువుగానీ."

మూడో ముక్క తింటూ, "అంకుల్ ఏరీ?" అన్నాడు.

అంకుల్ గుడారంలో ఉన్నారు. కుర్రాడు కారు దిగడం చూసి దూరిపోయారు. సీతాదేవి వెళ్లి జిప్పు తీసింది. ఆయన మోకాళ్లు ముడుచుకుని కూర్చుని ఉన్నారు, పక్కన మేనేజర్.

"నలభై ఎనిమిదేళ్లకి పిల్లికి రూమ్మేట్‌నయ్యాను సీతా. నేనింక ఎందుకూ పనికిరాను. కోబాల్ అయిపోయింది, నేనూ అయిపోయాను."

ఆయన కళ్లలో నీళ్లు చూసేసరికి సీతాదేవికి నోటికొచ్చిన వెటకారం వెనక్కి పోయింది. లోపలికి వంగి, ఆయన పక్కన ఇసుకలోనే చతికిలబడింది.

"ఈ మేనేజర్ ఎందుకు పనికొస్తున్నాడని? బొద్దింకని కూడా పట్టడు. వాడికి అన్నం పెట్టడం మానేశానా? మీరు పనికొచ్చినా మానినా మీ రొట్టె మీకుంది. అది చల్లారకముందే రండి."

ఆయన వచ్చారు. తిన్నారు. కృష్ణప్రసాద్‌తో నాలుగు మాటలు కూడా మాట్లాడారు. ఆ కుర్రాడు ఇంటర్నెట్‌లో కూరగాయలు అమ్మే కంపెనీలో పనిచేస్తున్నాడట. అక్కడ మనుషులు దొరక్క అల్లాడుతున్నారట.

"జావా కావాలి అంకుల్."

"నాకు రాదు."

"నాకూ రాదు అంకుల్, చేరాక నేర్చుకున్నాను."

మర్నాడు కృష్ణప్రసాద్ లావుపాటి జావా పుస్తకం తెచ్చిచ్చాడు. దాంతోపాటు ఆకలిగొన్న నలుగురు స్నేహితుల్నీ తెచ్చాడు. సాంబమూర్తి గారు మూడు రోజులు చెట్టు నీడన చదివారు. మేనేజర్ ఎప్పుడూ ఎడమ పేజీ మీదే పడుకునేవాడు గనక, ఎడమ పేజీలన్నీ ఆఖర్న, వాడు తిండికి లేచినప్పుడు చదవాల్సి వచ్చేది. నాలుగో రోజు గురువారం. ఇంటర్వ్యూకి వెళ్లారు. ఎదురుగా నిక్కరు వేసుకున్న ఒక పాతికేళ్ల కుర్రాడు, చేతిలో కోక్ డబ్బా. ఆయన ప్యాంటు నిండా ఉన్న పిల్లి వెంట్రుకల్ని ఆ కుర్రాడు గమనించలేదు. అతని చొక్కా ఇంకా ఘోరంగా ఉంది.

"జావా వచ్చా?"

అబద్ధం చెప్పమని కృష్ణప్రసాద్ చెవిలో చెప్పి పంపాడు. సాంబమూర్తి గారికి అలవాటు లేదు. "కుడివైపు పేజీలు వచ్చు" అన్నారు.

ఆ కుర్రాడు విరగబడి నవ్వాడు. "మిగతావి ఎప్పటికి?"

"సోమవారానికి."

"అయితే సోమవారం రండి."

వ్యాను కాపురం మొత్తం ఇరవై మూడు రోజులు సాగింది. కొత్త ఉద్యోగం పర్మిట్ చేతికొచ్చాక సీతాదేవి ఇల్లు వెతకడానికి బయల్దేరింది, ఈసారి బుట్టలో మేనేజర్‌ని పెట్టుకుని. వెళ్లిన ప్రతి ఇంట్లో ముందు వాణ్ని బల్ల మీద దింపి, "మేం నలుగురం" అనేది. ఏడుగురు తల అడ్డంగా తిప్పారు. ఎనిమిదో ఇల్లు ఆంగ్ మో కియోలో. దాని యజమానురాలు పళ్లులేని చైనా ముసలావిడ. పిల్లిని చూసింది, సీతాదేవిని చూసింది. నియమం నియమమే అంది. తర్వాత, తలుపు మాత్రం ఎప్పుడూ వేసి ఉంచుకోమంది. అని తాళంచెవులు ఇచ్చేసింది.

క్యారియర్లు మళ్లీ మొదలయ్యాయి. ఆదివారాలు మాత్రం ఆమని పట్టుబట్టి అందరినీ చాంగికి తీసుకెళ్లేది. ముందు సిగ్గుపడ్డ పిల్లే ఇప్పుడు క్లాసులో స్నేహితుల్ని కూడా వెంటబెట్టుకొచ్చి, "దిస్ ఈజ్ అవర్ హాలిడే హోమ్" అని వ్యాను తలుపు తీసి చూపించేది. గడువు తీరి వ్యాను తుక్కుకి వెళ్లిన రోజు తల్లీకూతుళ్లిద్దరూ కిందికి దిగలేదు. సాంబమూర్తి గారే రహీంతో కలిసి మంచాలూ పొయ్యీ ఊడదీశారు.

ఆ మరుసటి నెలలో కూరగాయల కంపెనీ మూతపడింది. సాంబమూర్తి గారు మధ్యాహ్నం మూడింటికే అట్టపెట్టె చంకన పెట్టుకుని ఇంటికొచ్చారు.

"పోయిందా?" అంది సీతాదేవి.

"పోయింది."

"పోనీలెండి. వంకాయని నొక్కి చూడకుండా ఎవరు కొంటారు?"

ఆయన చెప్పులు విడిచి, మజ్జిగ తాగి, లోపలికెళ్లి పడుకున్నారు. పెళ్లయిన ఇరవై ఏళ్లలో ఆయన పగలు నిద్రపోవడం సీతాదేవి చూడటం అదే మొదటిసారి. అయిదింటికి లేచి, మొహం కడుక్కుని, ఎవరెవరికి ఫోన్ చెయ్యాలో కాగితం మీద రాసుకుంటూ కూర్చున్నారు. కూనిరాగం తీస్తున్నారు కూడా. రాగం ఏమాత్రం బాగాలేదని సీతాదేవి వంటింట్లోంచి కేకేసి చెప్పింది.