పచ్చ లైటు

నా భార్య పోయిన నాలుగో నెలలో అక్వేరియం ట్యాంకు మీది లైటు పోయింది. మధ్యాహ్నం కరెంటు తీసి మళ్లీ ఇచ్చారు. ఇచ్చినప్పుడు ఎక్కువ వచ్చినట్టుంది. ఫ్రిజ్ ఒక్కసారి గట్టిగా మోగింది, హాల్లో చిన్న చప్పుడయింది, కాలిన వాసన వచ్చింది. నేను వెళ్లి చూసేసరికి ఆరడుగుల ట్యాంకు చీకటిగా ఉంది. నీళ్లు తిప్పే మోటారు మాత్రం ఆడుతోంది.

మాది కాకినాడ. నేను ఒక కాలేజీలో లైబ్రేరియన్ని. నా భార్య మరో కాలేజీలో బోటనీ చెప్పేది. ఇంట్లో అక్వేరియం ఉందని చూడటానికి వచ్చినవాళ్లు చేపల కోసం వెతికేవారు. చేపలు నాలుగే ఉండేవి. మిగిలినదంతా సముద్రపు నాచు. మూడు రకాలు. ఒకటి జుట్టు చిక్కుపడ్డట్టు ఉండేది, దాన్ని చిక్కు అనేది. రెండోది ఈకల్లాంటి ఆకులతో రాళ్ల మీద పాకేది, దాన్ని తీగ అనేది. మూడోది ఎర్రది. పెళ్లయిన మొదటి ఏడాది ఉప్పాడ ఒడ్డున రాయితో సహా దొరికింది. బొటనవేలంత ముక్క. తొమ్మిదేళ్లలో అది రెండు దోసిళ్లయింది. ఎర్రదానికి ఆమె పేరు పెట్టలేదు.

ట్యాంకులో ఆమె ఉందని నేను అనను. పరామర్శకు వచ్చినవాళ్లు అలాంటి మాటలు చాలా అన్నారు. ఆమె లేదు, ట్యాంకు ఉంది. కానీ ఆమె తొమ్మిదేళ్లు బతికించిన మొక్క నా చేతిలో నాలుగు నెలలకే చచ్చిపోతే, ఆ హాల్లో నేను మళ్లీ కూర్చోలేను. నా భయం అంతవరకే.

లైటు ఆమే తయారు చేసుకుంది. అల్యూమినియం రేకు మీద నాలుగైదు రకాల ఎల్‌ఈడీ పట్టీలు అంటించి, వైర్లు కలిపి, పైనుంచి గొలుసులతో వేలాడదీసింది. విప్పి చూస్తే సగం పట్టీలు నల్లగా మాడిపోయి ఉన్నాయి. బాగుచేసేవాడు చూసి తల అడ్డంగా ఊపాడు. మర్నాడు అక్వేరియం షాపుకు వెళ్లాను.

షాపతను ఒక పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. "ఇది తీసుకోండి మాస్టారూ. కోరల్ లైటు. వేశారంటే హాలు సినిమాలా ఉంటుంది."

"ఇది నీలం కదండీ."

"నీలమేనండి. సముద్రం ఏ రంగండి మరి?"

"నాచు పెంచడానికి కావాలి."

అతను నవ్వాడు. "నాచు పోవడానికి మందుందండి. పెరగడానికేమీ ఉండదు మా దగ్గర. ఇదివరకు ఒక మేడం గారు వచ్చేవారు, ఆవిడా ఇదే గొడవ. నీలం లోతులో ఉండేవాటికండి, నావి ఒడ్డున ఎండలో ఉండేవి అని నాకు పాఠం చెప్పేవారు. ఈ మధ్య రావట్లేదు."

ఆమె నా భార్యేనని చెప్పాను. ఎందుకు రావడం లేదో కూడా చెప్పాను. అతను పెట్టె తీసి లోపల పెట్టేశాడు. మళ్లీ ఏదీ అమ్మజూపలేదు.

ఇంటికొచ్చి ఆమె నోటుబుక్కు వెతికాను. చివరి పేజీల్లో దొరికింది. "లైటు పోతే పచ్చది వేయాలి. నీలం వద్దు. రోజుకు ఎనిమిది గంటలు. మొదట ఎత్తులో కట్టి, వారానికి రెండంగుళాలు దించాలి." నాకోసం రాసిందో, తనకోసం రాసుకుందో తెలియదు. ఆస్పత్రికి వెళ్లడానికి ముందు రాసినదేనని చేతిరాత చూస్తే తెలుస్తుంది.

పచ్చది. పాత లైటు ఏ రంగులో వెలిగేదో గుర్తు తెచ్చుకోవాలని చూశాను. గుర్తు రాలేదు. నా కుర్చీ ట్యాంకుకు వీపు పెట్టి ఉంటుంది. తొమ్మిదేళ్లు ఆ వెలుతురులో చదువుకున్నాను. వెలుతురు పుస్తకం మీద పడేది. నేను పుస్తకాన్నే చూశాను.

అప్పుడు చెయ్యకూడని పని చేశాను. చదివాను. ఎర్రనాచు ఎరుపును తిప్పి పంపేస్తుంది కాబట్టే మనకు ఎర్రగా కనిపిస్తుందని, ఆకుపచ్చ వెలుతురును బాగా తీసుకుంటుందని ఆమె పాఠ్యపుస్తకంలో ఒక పేరా ఉంది. రెండుసార్లు చదివాను. ఆమె ఒక్క మాటలో రాసినదానికి కారణం నేనే కనుక్కున్నానని కొంచెం సంతోషం కూడా కలిగింది. అదే పేరా కింద, మిగతా నాచులకు ఆ వెలుతురు అంతగా పనికిరాదని ఉంది. అది ఒకసారే చదివాను.

ఆకుపచ్చ లైటు అక్వేరియం షాపుల్లో దొరకదు. మెయిన్ రోడ్డు మీద కరెంటు సామాన్ల కొట్టుకు వెళ్లి పచ్చ లైటు కావాలన్నాను.

"ఆకుపచ్చేగా అండి?" అన్నాడు కొట్టతను.

"అదే."

"ఎన్ని చెట్లకండి?"

"చెట్లకు కాదు."

"పందిట్లోకా? పెళ్లా అండి, గృహప్రవేశమా?"

"మామూలుగా ఇంట్లోకే."

ఫంక్షన్లకు కొబ్బరిచెట్ల మొదట్లో పెట్టే ఫ్లడ్ లైట్లు రెండు ఇచ్చాడు. నీళ్లు పడినా ఫరవాలేదని చెప్పాడు. ఇంటికి తెచ్చి గొలుసులకు కట్టి స్విచ్చి వేశాను. హాలంతా ఆకుపచ్చ. నా చేతులు కూడా. ట్యాంకులో ఎర్రది నల్లగా కనిపించింది. ఆ వెలుతురులో ఎరుపు అలాగే కనిపిస్తుందని చదివి ఉన్నాను కనుక కంగారు పడలేదు. కానీ దాంతో ఒక ఇబ్బంది వచ్చిపడింది. అది బాగుందో లేదో లైటు వెలుగుతున్నప్పుడు చూసి చెప్పడానికి లేదు.

ఆదివారం నా బావమరిది వచ్చాడు. ఆమె తమ్ముడు. తాళ్లరేవు దగ్గర రొయ్యల చెరువులు చేస్తాడు. నెలకొకసారి సముద్రపు నీళ్లు డబ్బాలతో తెచ్చేది అతనే. గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏంటి బావా ఈ రంగు లైట్లు, ఇంట్లో తీర్థం పెట్టారా?"

"నాచుకు."

"నేను చెరువులో నాచు చావడానికి మందు కొడతాను. మీరు బతకడానికి లైట్లు కొంటారు. మా అక్క ఇద్దరు పిచ్చోళ్లని భలే చూసి పెట్టుకుంది." డబ్బాలు దించి కాసేపు ట్యాంకు ముందు నిలబడ్డాడు. ఆ వెలుతురులో అతనికీ ఏమీ తెలియలేదు. కాఫీ తాగి వెళ్లిపోయాడు.

ఏడో రోజు పొద్దున, లైట్లు వేయకముందు, కిటికీ తలుపులు తీసి టార్చి పట్టుకుని చూశాను. ఎర్రది ఎర్రగానే ఉంది. చిక్కు కాస్త పాలిపోయింది, అంతే. తీగ మాత్రం బాగా మారింది. ఈకల చివర్లు రంగు పోయి గాజులా ఉన్నాయి. అటువైపున్న చేప వాటి గుండా కనిపించింది.

దాని అర్థం నాకు తెలుసు. చాలా ఏళ్ల కిందట బాల్చీలో పెట్టిన తీగ అలాగే గాజులా మారితే ఆమె నన్ను పిలిచి చూపించింది. వెలుతురు సరిపోక దాని ప్రాణం మీదికొస్తే, తనలో ఉన్నదంతా నీళ్లలోకి ఒక్కసారిగా వదిలేసి చచ్చిపోతుందని చెప్పింది. "తెల్లబడ్డాక ఒక్క రోజే టైము. తరవాత నీళ్లు పాలవుతాయి. ఆ పాలలో ఇంకేదీ బతకదు." అప్పుడు పోయింది ఒక బాల్చీ. ఇప్పుడు అదే తీగ ట్యాంకు సగం పాకి ఉంది. ఎర్రదాని రాయి చుట్టూ కూడా పాకింది.

బావమరిదికి ఫోన్ చేశాను. గంటలో బండి మీద వచ్చాడు, బురద కాళ్లతోనే. ట్యాంకులోకి చూశాడు. ఈసారి జోకు వేయలేదు.

"డీఓ పడిపోద్ది బావా. చెరువులో నాచు మొత్తం ఒక్కసారి చచ్చినా ఇంతే. నీళ్లలో గాలి ఉండదు. పొద్దున్నే రొయ్యలన్నీ ఒడ్డుకొచ్చి కొట్టుకుంటాయి." నీళ్లలోకి గాలి కొట్టే చిన్న ఏరియేటర్ ఒకటి తెచ్చాడు. దాని గొట్టం ట్యాంకులో వేస్తూ అడిగాడు, "అసలు అక్క ఏం రాసింది?"

నోటుబుక్కు ఇచ్చాను. నిలబడే చదివాడు.

"పచ్చది అని రాసింది కదా. మరి ఇదేంటి?"

"పచ్చదేగా."

"ఇది ఆకుపచ్చ బావా. అక్క పచ్చ అందంటే పసుపే. మా ఇంట్లో అందరం అంతే. మా అమ్మ పచ్చ చీర తెమ్మంటే ఎవడన్నా ఆకు రంగుది తెచ్చాడా? పచ్చసొన. పచ్చ గన్నేరు. పచ్చ..."

అక్కడ ఆగిపోయాడు. నోటుబుక్కు బల్ల మీద పెట్టి, ఏరియేటర్ స్విచ్చి చూసుకుంటూ ఉండిపోయాడు.

అతను ఆపేసిన మాట నాకు తెలుసు. పచ్చకామెర్లు. ఆమెకు అలాగే మొదలయింది. "కళ్లు పచ్చగా ఉన్నాయండి" అని డాక్టరుకు చెప్పింది నేనే. ఏ పచ్చ అని ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు. ఆ మాటకు ఇంకో అర్థం ఉందని ఆ గదిలో ఎవరికీ తోచలేదు.

"కత్తెర ఎక్కడుంది?" అన్నాడు బావమరిది.

తీగ మొత్తం తీసేయాలి. అది తన పని మొదలుపెట్టకముందే తీయాలి. లాగితే తెగుతుంది, తెగిన చోటల్లా లోపలిది కారుతుంది. అందుకని నేను ఒక్కొక్క కాడే కత్తిరించడం, అతను అక్కడే ఇంకో గొట్టం పెట్టి కారినదాన్ని నీళ్లతో సహా బయటి బాల్చీలోకి లాగడం. గొట్టాన్ని నోటితో పీల్చి మొదలుపెట్టాడు. ఉప్పునీళ్లు మింగి ఉమ్మేసి తిట్టాడు. ఎవర్ని తిట్టాడో నాకు అర్థం కాలేదు. నన్నే అయి ఉండాలి.

పక్క రాళ్ల మీదిది తేలిగ్గానే వచ్చింది. ఎర్రదాని దగ్గర ఆగాం. తీగ వేళ్లలాంటివి దాని మొదట్లోంచి దూరి రాయికి పట్టుకున్నాయి. ఎర్రది కూడా ఆ రాయినే పట్టుకుని ఉంది. తొమ్మిదేళ్ల పట్టు అది. ఒకసారి ఊడితే మళ్లీ అతుక్కుంటుందో లేదో నోటుబుక్కులో లేదు.

"వదిలేద్దామా ఆ కాస్త?" అన్నాను.

"ఆ కాస్తే చాలు మొత్తం పాడుచేయడానికి. కొయ్యండి."

"ఊడితే?"

"నేను పట్టుకుంటాను కదా. కొయ్యండి బావా."

మోచేతుల దాకా చేతులు ముంచి ఎర్రదాని మొదలు రెండు వేళ్లతో రాయికి అదిమి పట్టుకున్నాడు. వలలు, మేత బస్తాలు లాగే చేతులవి. కదలలేదు. నేను కాడలు కత్తిరించాను, ఒకటి తరవాత ఒకటి. గొట్టం నేనే పట్టుకున్నాను. ఎనిమిదో తొమ్మిదో కత్తిరించాక ఎర్రది ఒక పక్క రాయి నుంచి లేచింది. అతను వేలు కొంచెం జరిపి అక్కడ కూడా అదిమాడు. చివరి కాడ వచ్చాక కూడా కాసేపు అలాగే ఉన్నాడు. తరవాత బండి పెట్టెలోంచి వల కుట్టే దారం తెచ్చాడు. దాంతో ఎర్రదాన్ని రాయికి కట్టాం.

మధ్యాహ్నానికి తీగ వేసిన రెండు బాల్చీల్లో నీళ్లు తెల్లబడ్డాయి. పలచటి మజ్జిగలా, కొంచెం ఆకుపచ్చగా. బావమరిది బాల్చీలోకి చూసి, "పొద్దున్నే చూశారు కాబట్టి సరిపోయింది" అన్నాడు. నాకు ఆ మాట మెప్పులా వినిపించలేదు. అతను కూడా మెప్పుగా అనలేదేమో.

సాయంత్రం కరెంటు సామాన్ల కొట్టుకు మళ్లీ వెళ్లాను. బావమరిది బయట బండి మీద కూర్చున్నాడు.

"పచ్చ లైటు కావాలండి."

"మొన్ననే తీసుకెళ్లారు కదండీ."

"ఆ పచ్చ కాదు. పసుపు పచ్చ. పాత బల్బు వెలుతురులా ఉంటుందే, అది."

"వార్మ్ వైటు అనండి మరి! మొన్న అడిగాను కదండీ ఆకుపచ్చేనా అని. మీరే అదేనన్నారు." ఆకుపచ్చవి తిరిగి తీసుకోనని చెప్పాడు. నేను తీసుకోమని అడగలేదు.

కొత్తవి వేశాక హాలు మామూలుగా కనిపించింది. కుర్చీ తిప్పి ట్యాంకు ఎదురుగా వేసుకున్నాను. ఆ వెలుతురు నాకు తెలిసినదేననిపించింది. అవును, ఇలాగే ఉండేది అని ఖాయంగా చెప్పలేను.

నోటుబుక్కులో ఉన్నట్టే లైట్లు ఎత్తులో కట్టి, ఎనిమిది గంటలే వేశాను. ఎర్రదానిలో రాయి నుంచి లేచిన వైపు కొమ్మలు మొదటి వారంలో గులాబీ రంగుకు తిరిగి, తరవాత తెల్లబడ్డాయి. వాటిని కత్తిరించేశాను. రెండు దోసిళ్లు ఒక దోసిలయింది. ఇంకా పోతుందా, ఇక్కడితో ఆగుతుందా తెలియక రోజూ పొద్దున టార్చితో చూసేవాణ్ణి. రెండో వారం రెండంగుళాలు దించాను. మూడో వారం ఇంకో రెండు. దించిన రోజల్లా తప్పు చేశానేమోనని కాలేజీలో పని చేయలేకపోయేవాణ్ణి. నాలుగో వారంలో కత్తిరించిన చోటు పక్కనే బియ్యపు గింజంత ముదురు ఎరుపు కొన కనిపించింది. మర్నాడు మళ్లీ చూశాను. ఉంది.

నీళ్ల డబ్బాలతో వచ్చినప్పుడు బావమరిదికి చూపించాను. చాలాసేపు చూశాడు. తరవాత ఖాళీ నీళ్ల సీసా ఒకటి అడిగాడు.

"ఒక చిన్న ముక్క ఇవ్వండి. అన్నీ ఒక్క చెరువులోనే పెట్టం కదా మేము."

"నువ్వు మందు కొట్టే మనిషివి."

"దీనికి కొట్టను లెండి. ఇంట్లోనే పెడతాను." సీసా మూత బిగించి వెలుతురుకు ఎత్తి చూసుకున్నాడు. "లైటు పచ్చదే కదా బావా?"

"పచ్చదే" అన్నాను.

అతను వెళ్లాక నోటుబుక్కు తీసి, ఆమె రాసిన "పచ్చది" పక్కన "పసుపు" అని రాద్దామనుకున్నాను. కలం మూత కూడా తీశాను. రాయలేదు. ఆమె సరిగ్గానే రాసింది.