తడి చీర కట్టిన కిటికీ

మా పక్కింటి నర్సు పెద్దమ్మ పోయింది. మొన్న మే నెల ఎండల్లో, మధ్యాహ్నం పూట, కిటికీ మూసుకున్న గదిలో పోయింది. విన్నవాళ్లంతా వయసైపోయింది కదా అన్నారు. డాక్టరు వడదెబ్బ అన్నాడు. ఈ రెండు మాటల మీదా నాకు కోపంగానే ఉంది. ఇది రాయడం అందుకే.

మా ఊరి సంగతి తెలియనివాళ్లకు కాస్త చెప్పాలి. గోదావరి ఒడ్డున, బొగ్గు మండించి కరెంటు తీసే ఫ్యాక్టరీ పక్కన మా కాలనీ ఉంటుంది. కాలగా మిగిలిన బూడిదను నీళ్లలో కలిపి ఊరవతల చెరువులోకి వదులుతారు. ఎండాకాలం ఆ బూడిద చెరువు ఎండిపోతుంది. గాలి లేచిందంటే బూడిదంతా మా పక్కల మీద, మా కంచాల్లో. కిటికీ తీస్తే బూడిద, మూస్తే ఉడుకు. వెనకటికి నాలుగు రోజులు ఓర్చుకుంటే సరిపోయేది. ఇప్పుడు ఎండ మార్చిలోనే మొదలై జూన్ దాటినా వదలడం లేదు. తీయాలా, మూయాలా అన్నదే మాకు రోజూ ఉండే బాధ.

పెద్దమ్మ మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయింది. పెళ్లి చేసుకోలేదు. ఆమె తమ్ముడిని మేమంతా మామ అంటాం. ఆయన అదే ఫ్యాక్టరీలో బొగ్గు దించే చోట పనిచేసి, ఊపిరితిత్తులు పాడై, అక్క పంచన చేరాడు. ఆయన్ను బతికించుకోవడమే పెద్దమ్మ పెట్టుకున్న పని. ఆమె నోరు మాత్రం మహా దురుసు. ఎవరింట్లో పిల్లకు బాగా లేకపోయినా పిలవకుండానే వచ్చేది, ముందు తల్లిని తిట్టి తర్వాత పిల్లను చూసేది. మా చిన్నదానికి ఆయాసం ఎక్కువైన రోజున ఇంట్లో అగరుబత్తి వెలుగుతోందని నన్ను తిట్టిన తిట్లు వీధి వీధంతా విన్నది. ఆ తర్వాత పిల్లను ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకుని, అది నెమ్మదించేదాకా వీపు నిమురుతూనే ఉంది. ఆ తిట్లకూ ఆ చేతికీ నేను రుణపడి ఉన్నాను.

తీయడానికీ మూయడానికీ మధ్య ఆమె ఒక దారి కనిపెట్టింది. పాత నూలు చీరను మడత వేసి, తడిపి, తెరిచిన కిటికీకి కట్టేది. గాలి చల్లబడి వచ్చేది, బూడిద చాలావరకు చీరకే అంటుకునేది. సాయంత్రం దాన్ని పిండితే సిమెంటు కలిపినట్టు నీళ్లు కారేవి. వీధిలో ఇంటింటికీ తిరిగి అందరి చేతా కట్టించింది. అదేమీ మందు కాదని ఆమెకూ తెలుసు. నల్లాలో నీళ్లు వస్తేనే చీర తడుస్తుందని కూడా తెలుసు.

ఒక సోమవారం మమ్మల్ని వెంటేసుకుని ఆఫీసులకు బయలుదేరింది. బూడిద లేవకుండా చూడండి, ఎండాకాలం మా నల్లాలు ఆపకండి, అడగాలనుకున్నది అంతే. ఒక చోట బూడిద సంగతి రాసుకుని, ఎండ మాకు సంబంధం లేదన్నారు, గాలి లేచినప్పుడు కిటికీలు మూసుకోమన్నారు. ఇంకో చోట ఎండ సంగతి రాసుకుని, బూడిద మాది కాదన్నారు, ఇంట్లోకి గాలి ఆడేలా చూసుకోమన్నారు. నీళ్ల సంగతి ఎవరూ రాసుకోలేదు. అందరూ మర్యాదగానే మాట్లాడారు, కుర్చీలు కూడా వేశారు. బస్టాండులో సోడా తాగుతూ పెద్దమ్మ అన్న మాట ఇప్పటికీ నా చెవిలోనే ఉంది.

"గా ఎండ, గీ బూడిద, రెండూ ఒక్క పొయ్యిలకెళ్లి వచ్చినయే గద బిడ్డా. ఒకలేమో కిటికి తియ్యమంటరు, ఒకలేమో ముయ్యమంటరు. పొయ్యిని మాత్రం ఎవ్వలడుగరు."

ఆమె చనిపోయిన ఆ వారమంతా నల్లా రాలేదు. పక్కనే గోదావరి. ఉన్న నీళ్లు ముందు ఫ్యాక్టరీకి, మిగిలితే మాకు. ఆ మధ్యాహ్నం పెద్ద గాలి లేచింది. కరెంటు పుట్టే ఊళ్లో కరెంటు కూడా పోయింది. మామ కేక విని నేను వెళ్లేసరికి పెద్దమ్మ తన గదిలో నేల మీద ఉంది. ఒళ్లు కాలిపోతోంది, ప్రాణం మాత్రం లేదు. మామ గోడ పట్టుకుని, ఎగశ్వాసతో, ఒక్కొక్క మాటే చెప్పాడు.

"బిందెల ఉన్న నీళ్లన్ని నా కిటికి చీర మీదనే పోసింది. నీకు గాలి వద్దా అక్కా అంటే, నా ఊపిరి మంచిగనే ఉన్నది, నువ్వు ఫికర్ చెయ్యకు అన్నది. పోయి తన కిటికి మూసుకున్నది."

ఆయన గదిలోకి వెళ్లి చూశాను. చీర ఇంకా తడిగానే ఉంది. అంత చల్లటి గాలి ఆ రోజు నాకు భరించరానిదైంది.

మర్నాడు పరామర్శకు ఒక నాయకుడు వస్తున్నాడన్నారు. పొద్దున్నే మా వీధిలోకి నీళ్ల ట్యాంకరు వచ్చింది. బిందెలు పట్టుకుని ఆడవాళ్లంతా దాని వెంట పరుగెత్తారు. డ్రైవరు బండి ఆపలేదు.

"ఇవి రోడ్డుకమ్మా, సారు బండికి దుమ్ము లేవద్దని," అన్నాడు.

వెనక గొట్టం తెరుచుకుంది. వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా రోడ్డును తడుపుకుంటూ పోయాడు. నాయకుడు వచ్చాడు, దండ వేశాడు, పోయాడు. అప్పుడు మేం పెద్దమ్మ ఉన్న పెట్టెను భుజాలకెత్తుకున్నాం. ఖాళీ బిందెలు చంకలో పెట్టుకుని ఆడవాళ్లు రోడ్డుకు రెండు వైపులా నిలబడి ఉన్నారు. వాళ్ల మధ్య నుంచి, కాళ్ల కింద తడి రోడ్డు మీద, పెద్దమ్మను సమాధుల తోటకు తీసుకుపోయాం. దారి పొడుగునా బూడిద రవ్వంతైనా లేవలేదు.