ఆరు మెట్ల లెక్క

కె.ఆర్.పురం వెనక మా వీధి పల్లంలో ఉంటుంది. చెరువు నిండి మరవ మీంచి పొర్లి పారితే నాలుగు వైపులా నీళ్లు చేరి, నలభై ఇళ్ల దీవి అయిపోతుంది. మా చరిత్ర మొత్తం వీధి మొదట్లోని పిండిమిషను మెట్ల మీదే ఉంది. బోరు మోటారు కాలిన ఏడాది రెండు మెట్లు మునిగాయి. పాలవాడు మూడు రోజులు రాని ఏడాది మూడు. బయటి రోడ్డు పల్లంలో ట్రాక్టరు ఆగిపోయిన ఏడాది నాలుగు. తేదీలు ఎవరికీ గుర్తుండవు, మెట్లు అందరికీ గుర్తే.

నా చదువు పదో తరగతి దాటలేదు. అయినా ఈ లెక్కలు నోటుబుక్కులో రాసిపెట్టేది నేనే. మెట్టు ఏడంగుళాలు. నాలుగో మెట్టు మునిగితే ట్రాక్టరు పల్లం దాటదు.

పోయినేడు వానల్లో ఈ లెక్క మీద ఒక ప్రాణం ఆధారపడింది. మిషను నడిపిన అక్కకు అరవై దాటాయి. వారానికి మూడుసార్లు డయాలిసిస్. నీళ్ల వల్ల ఒక డయాలిసిస్ అప్పటికే తప్పింది. కాళ్లు వాచి, ఆయాసం మొదలైంది. ఈ రోజు తప్పకూడదని ఆసుపత్రివాళ్లు ఫోనులో గట్టిగా చెప్పారు.

పొద్దున ఎనిమిదింటికి నీళ్లలో దిగి కర్రతో మెట్లు తడిమాను. రెండు మునిగాయి. పది నిమిషాలకు అంగుళం పెరుగుతోంది. ఇంకా రెండు మెట్లు, పద్నాలుగు అంగుళాలు, నూట నలభై నిమిషాలు. అక్కను తీసుకెళ్లడానికి ట్రాక్టరతను పదింటికి వస్తానన్నాడు. సరిపోతుందని అక్క ఇంటికెళ్లి చెప్పాను.

ఆమె కుర్చీలో ముందుకు వంగి ఊపిరి తీసుకుంటోంది.

"నీళ్ల పైన ఎన్ని మెట్లు ఉండాయప్పా?"

"మూడు."

"మునిగింది రెండు, పైన మూడు. ముప్పై ఏండ్లు ఎక్కి దిగినాను, అవి ఆరు మెట్లు. ఇంకొకటి యాడికి పాయె?"

అప్పుడు గుర్తొచ్చింది. ఎండాకాలంలో మా వీధికి కాంక్రీటు పోశారు. మొదటి మెట్టు దాని కింద ఉంది. వీధి ఎత్తు పెరిగింది, బయటి పల్లం పెరగలేదు. అంటే పాత లెక్కలో మూడు మెట్లు మునిగాయి. మిగిలింది డెబ్బై నిమిషాలు. అందులో పది అప్పటికే అయిపోయాయి.

ట్రాక్టరతనికి ఫోను చేశాను.

"ఇడ్లీ తింటా ఉండాను సార్. పదింటికి అంటిరి కదా."

"తొమ్మిది దాటితే బండి పల్లంలోనే నిలిచిపోతాది. చెయ్యి కడుక్కుని రాప్పా."

తొమ్మిదికి పది నిమిషాల ముందు వచ్చాడు. వీధివాళ్లం నలుగురం అక్కను ప్లాస్టిక్ కుర్చీతో సహా ఎత్తి ట్రాలీలో పెట్టాము.

"మెల్లగా. రాగుల మూట కాదు నేను."

"మూటైతే ఇట్లా తిట్టదులే అక్కా," అన్నాడు ట్రాక్టరతను.

పల్లంలో నీళ్లు ఇంజను అంచును తాకాయి. బండి రెండుసార్లు దగ్గింది. నేను గడియారం చూడలేదు, ట్రాలీలో పక్కనే కూర్చుని అక్క చేతిని పట్టుకున్నాను. ముందు చక్రాలు గట్టెక్కాయి.

ట్రాక్టరు అక్కతో ఆసుపత్రి వైపు వెళ్లింది; నేను అక్కడే దిగి నడిచి వెనక్కి వచ్చేశాను. సాయంత్రం డయాలిసిస్ అయ్యాక అక్కే ఫోను చేసింది. గొంతులో ఆయాసం తగ్గింది.

"పైన ఎన్ని ఉండాయి?"

"ఒకటి."

"చూసి చెప్తా ఉండావా, లెక్కేసి చెప్తా ఉండావా?"

కర్ర తీసుకుని మళ్లీ నీళ్లలోకి దిగాను.