ఎర్ర చిందీ

మా బావ పోయిండు. వడదెబ్బ అన్నడు డాక్టరు. మంచం పైన పంకా ఉంది, చెయ్యి చాపితే స్విచ్ ఉంది, కరెంటు కూడా ఉంది. అయినా పోయిండు.

మగ్గాల పనికి మేం వలసొచ్చిన లింబాయత్‌లో మా వరస గదులకు ఆయనే పెద్దమనిషి. కార్ఖానాల మగ్గాల పని మానినంక మా అందరి మీటర్లు చూసుడే పనిగా పెట్టుకున్నడు. ట్యూబులైట్ల మీద పేరుకున్న దూది నుసి ఇంటింటికీ వచ్చి తుడిచేటోడు. "నుసి తుడిస్తే వెలుగు ఊరికే వస్తది," అనేటోడు. నిజమే. ఇవాళ్టికీ నేను తుడుస్తున్న.

ఒకసారి కరెంటు పొదుపు గురించి చెప్పడానికి చదువుకున్న పిల్ల ఒకతె వచ్చింది. (మా చాయ్ తాగి చక్కెర తక్కువైందన్నది, ఆ సంగతి వేరే.) నీతులు చెప్తే ఎవరూ స్విచ్ బంద్ చెయ్యరట, పక్కింటోళ్లు ఎంత తక్కువ కాలుస్తున్నరో చూపిస్తే చేస్తరట. "కానీ ఎవరినీ చిన్నబుచ్చొద్దు" అని కూడా అన్నది. అప్పటికే మా బావ లేచి చిందీలు వెతుకుతున్నడు.

చిందీలంటే చీరల కోతలో మిగిలే గుడ్డపేలికలు. నెలనెలా అందరికంటే ఎక్కువ కాల్చిన గది తలుపుకు ఎర్ర చిందీ కట్టుడు మొదలుపెట్టిండు. వాడకం తగ్గింది, కాదనను. ఎదురుగది బాలింత ఆ గుడ్డకు సిగ్గుపడి పంకా ఆపింది. పసిదాని ఒళ్లంతా చెమటకాయలు.

"జర ఆ గుడ్డ తీసెయ్ బావా, పిల్ల ఏడుస్తుంది," అని నేనే అడిగిన.

"చెమటకాయలకు ఎవ్వరు సావరు, పో."

మా అక్కకూ రాయితీ లేదు. పంకా ఒకటో నంబరు దాటితే, "ఏందే, మన తలుపుకు కట్టిస్తవా?" అని ఉరిమేటోడు. ఈ ఎండాకాలం మనవలొచ్చి కూలర్ నడిపిపోయిన్రు. ఆయన మీటరే అందరికంటే ముందుకు పోయింది. అక్క పర్వత్ పాటియాలో బిడ్డ ఇంటికి పోతూ, "నేను లేనప్పుడన్న పంకా వేసుకో," అన్నది.

"నెల దాటనియ్యి," అన్నడు.

నెల దాటింది. ఆయన దాటలేదు.

దినాలైన మర్నాడు పొద్దున పోతే అక్క తలుపుకు ఎర్ర చిందీ. తనే కట్టుకుంది. లోపల పంకా ఐదో నంబరు మీద తిరుగుతుంది. దాని కింద కాళ్లు చాపి పండుకుంది.

"అక్కా," అని పిలిచిన.

"జర ఆగు," అన్నది, కళ్లు తెరవకుండానే.

గుమ్మంలోనే నిలబడ్డ. లోపలి గాలికి ఆ గుడ్డ ఊగుతనే ఉంది.